శ్రమయు, వ్యాయామమును

(బషీర్‌బాగ్ మహాసభయందు చేసిన యుపన్యాసము)



కార్యదర్శిగారు మమ్ము నుపన్యసింపుడని కోరినపుడు మార్కండేయ మహర్షిని గూర్చియో, భావనాఋషి చరిత్రమును గూర్చియో మాటలాడుదుమని తలచియుందురు. సంస్కృతము చదివిన బడిపంతులు వేఱేమి చెప్పగలడు? కాని మేము కోరుకొన్న విషయము పొట్ట. నవ్వుడు, తప్పులేదు. విషయము చెప్పగా కార్యదర్శిగారును నవ్విరి. "అయ్యా, మనవారు రెక్కలు ముక్కలు చేసికొని బ్రతుకువారు. లావు తగ్గుటయు వ్యాయామమును కూర్చుండి తిను ధనవంతుల గొడవ గదా" అని వారనిరి. ఆ మాట మనలో ననేకుల నమ్మకము. అది నిజము కాదని చెప్పుటకే మేము నేడు నిలిచినారము.

ఈ విషయము మాకు తోచుటకు గల కారణమును మొదట చెప్పెదము. మాయొద్ద చదివిన శిష్యుడొకడు గలడు; నలువదిమూడేండ్లవాడు. సిరిసిల్ల ప్రాంతమునుండి పట్టణమునకు వచ్చి యొక బట్టల గోదాములో పనిచేయుచున్నాడు. బండి వచ్చినపుడు బేళ్లను దింపుట, లోనికి చేర్చుట, విప్పి థానులను అరలలో పేర్చుట, అంగడివారడిగినప్పుడెల్ల మరల దింపుట, ఇదియే వాని పని. ఉదయము తొమ్మిది గంటలకు పోయినవాడు రాత్రి తొమ్మిదింటికి గాని బయటపడడు. ఇట్టివాడు క్రిందటియేడు మా యింటికి వచ్చి కాగితమొకటి ముందుంచెను. బరువు 92 కిలోలు, నడుము చుట్టుకొలత 102 సెంటీమీటర్లు, రక్తమున చక్కెర హెచ్చు, రక్తపోటును హెచ్చే. వైద్యుడు మందులు వ్రాసి, "బరువు తగ్గుము, దినమును నడువుము" అని చెప్పి పంపెనట.

"సారూ, పొద్దుగాల నుంచి రాత్రి దాక లేసుడు, వంగుడు, మోసుడే నా బతుకు. ఇంక నన్ను నడువుమంటే యాడ నడువాలె? ఎప్పుడు నడువాలె?" అని వాడడిగెను. అడిగి కన్నులు తుడుచుకొనెను. వాని యన్న నలువదియెనిమిదవ యేట మరమగ్గము ప్రక్కనే కూలి మరల లేవలేదు. అతడును లావైన మనిషియే. అతడును దినమునకు పండ్రెండు గంటలు నిలువుకాళ్లపై పనిచేసినవాడే.

మేము ముప్పదియైదేండ్లు పిల్లల ప్రశ్నలకు జవాబులు చెప్పినవారము. ఈ ప్రశ్నకు మాత్రము నాడు మాకు జవాబు లేకపోయెను. వానికి మజ్జిగ యిచ్చి పంపి, పుస్తకములు ముందు వేసికొని కూర్చుంటిమి.

చరకసంహిత సూత్రస్థానమున ఏడవ యధ్యాయములో వ్యాయామమునకు లక్షణము చెప్పబడినది. శ్లోకము చదివి మిమ్ము విసిగింపము, భావము చాలును. దేహముచేత చేయు చేష్టలలో నేది మనకిష్టమైనదో, ఏది దేహమునకు స్థిరత్వమును బలమును గూర్చుటకై చేయబడునో, అది వ్యాయామము. దానిని మాత్ర నెఱిగి చేయవలెను. ఈ లక్షణమును మేము బడిలో పలుమాఱులు చెప్పియుంటిమి గాని, అందలి పదములను తూచి చూచుట యిదియే మొదలు. బేలు మోయుట యెవరి యిష్టము? యజమానియిష్టము. ఎందులకు మోయుట? బేలు చోటు చేరుటకు. మోయువాని నడుము గట్టిపడుటకు కాదు. ఎంతవఱకు మోయుట? బండి ఖాళీయగువఱకు; అలసిన చోట నాగుటకు వీలులేదు. కావున మూడు లక్షణములలో నొక్కటియు కుదురలేదు. మా శిష్యుడు చేయునది శ్రమ, వ్యాయామము కాదు. చెమట రెంటికిని సమానమగుటచే మనము రెంటిని నొక్కటిగా భ్రమించితిమి.

ఆ యధ్యాయమందే మాత్రమీఱిన వ్యాయామముచేత కలుగు కీడులును చెప్పబడినవి: అలసట, ధాతుక్షయము, దప్పి, దగ్గు, జ్వరము, వాంతి మొదలగునవి. సుశ్రుతుడును వాగ్భటుడును, ఉన్న బలములో సగమువఱకే వ్యాయామము చేయవలెననిరి. ముక్కుతో నాడు ఊపిరి నోట నాడ మొదలిడినచో సగము ముగిసినదని సుశ్రుతుడు గుర్తు చెప్పెను. ఇది కుర్చీలో కూర్చుండువానికి మంచి నియమమే. కాని దినమంతయు బరువులు లాగినవాడు సాయంకాలము గోదామునుండి వెలికి వచ్చునప్పటికే వాని సగము బలము వ్యయమైపోయినది. ఆపైన వానిని పరుగెత్తుమనుట శాస్త్రవిరుద్ధము. మా శిష్యుని ప్రశ్నలోని న్యాయము మాకిక్కడ బోధపడినది.

"పాత పుస్తకముల మాట యటుండనిండు, నేటివారేమందురు?" అని మన యువకులడుగుదురు. అడుగవలసినదే.

1953వ సంవత్సరమున జెరెమీ మారిస్ అను వైద్యుడును ఆయన సహచరులును లండను నగరపు బస్సు పనివారిని గూర్చి తమ పరిశోధనమును లాన్సెట్ పత్రికలో ప్రకటించిరి. రెండంతస్తుల బస్సులలో డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు మెట్లెక్కి దిగుచు టిక్కెట్లిచ్చును. గుండెజబ్బు డ్రైవరులలో నెక్కువగను, కండక్టరులలో తక్కువగను కనబడెను. ఇది చూచి, శ్రమయే చాలునని లోకము తలచెను. అయితే కండక్టరు శ్రమ యెట్టిది? చేతిలో బరువు లేదు. నడక, మెట్లు, నడుమ నిలుకడ, మరల నడక. అది యించుమించు వ్యాయామమువంటిదే. మూటలు మోయువాని పని యట్టిది కాదు.

ఈ భేదము మొన్న మొన్న తేటపడినది. డెన్మార్కు దేశమున కోపెన్‌హాగెను ప్రాంతపు స్త్రీపురుషులను 1,04,046 మందిని సుమారు పదియేండ్లు కనిపెట్టి, హోల్టర్‌మన్ అను పండితుడును ఆయన తోడివారును 2021లో ఫలితములను ప్రకటించిరి. తీరికవేళ దేహమును కదల్చినవారికి గుండెజబ్బును మరణమును తగ్గినవి; పనిలో మిక్కిలి శ్రమపడినవారికి రెండును పెరిగినవి. పొగత్రాగుట, చదువు, రాబడి మొదలగు భేదములను లెక్కలోనికి తీసికొన్నను ఫలితము మాఱలేదు. దీనిని శంకించు పండితులును లేకపోలేదు. కష్టపు పనులవారి బ్రతుకులో లెక్కకందని చిక్కులు ననేకములుండును గదా. కాని కారణములుగా చెప్పబడినవి మన కంటికి కనబడునవే. తీరికవేళ నడచువాని గుండె కొంతసేపు వేగముగా నాడి, తరువాత విశ్రమించును. బరువు పనివాని రక్తపోటు గంటలకొలది హెచ్చియే యుండును. బరువు నెత్తునపుడు వాడు ఊపిరి బిగబట్టును. వంగిన నడుము వంగియే యుండును. రాత్రి విశ్రాంతి చాలకమునుపే తెల్లవాఱును.

ఇది గుండె మాట. పొట్ట మాట వేఱు; దానికి వత్తము.

1956లో జీన్ మేయర్ అను పండితుడు రాయ్, మిత్రా అనువారితో కూడి పశ్చిమ వంగదేశములో నొక జనపనార మిల్లున 213 మంది పురుషులను పరీక్షించెను. అంగళ్లలో కూర్చుండువారును గుమాస్తాలును మొదలుకొని బరువులు మోయు కూలీలవఱకు నందుండిరి. కష్టము హెచ్చినకొలది తిండి హెచ్చినది. బరువు మాత్రము నిలుకడగా నుండెను. కేవలము కూర్చుండువారు కూలీలకు తీసిపోకుండ తినిరి; వారే లావెక్కిరి. దీనినుండి మనము గ్రహింపవలసినది రెండు మాటలు. కష్టము ఆకలిని తనతో తెచ్చును. కావున కష్టపడినంతమాత్రమున నెవడును చిక్కడు. కష్టము తగ్గినను తిండి తనంతట తాను తగ్గదు. కావున తగ్గించుకొననివాడు లావెక్కును.

ఈ రెండవ మాటయే మన కులమునకు తగిలిన దెబ్బ. మన తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ గలదు. అది 1918లో కూనూరున మెకారిసన్ దొర ప్రారంభించినదై 1958లో హైదరాబాదునకు వచ్చినది. ఆ సంస్థ 2020లో నిర్ణయించిన కొలతలప్రకారము 65 కిలోల పురుషునకు దినమునకు, బరువు పని చేయునెడల 3,470 కిలోకాలరీలును, మధ్యమమైన పనికి 2,710యును, కూర్చుండు పనికి 2,110యును కావలెను. పని మొదటి తరగతినుండి రెండవదానికి దిగి, కంచము మాత్రము దిగకున్నచో, దినమునకు 760 మిగులును. అది యించుమించు రెండువందల గ్రాముల బియ్యమునకు సమానము. దినమును రెండు పిడికిళ్లు మిగిలిన బియ్యము ఇంటిలోనైనచో గాదెలో చేరును. ఒంటిలోనైనచో నడుముచుట్టు చేరును.

మా శిష్యుని విడిగా విచారింపగా నిదియే బయటపడినది. నాలుగేండ్ల క్రిందట వాని గోదాములో సామానులకై లిఫ్టు పెట్టిరట. అంతకు ముందు మూడంతస్తులు మూటతో నెక్కుచుండెను. లిఫ్టు వచ్చినపిదప మెట్లు పోయినవి. వంగుట, లాగుట, పేర్చుట మాత్రము మిగిలినవి. నొప్పి మిగిలెను, నడక పోయెను. అన్నము మాత్రము మూడంతస్తులనాటిదే.

మన వృత్తి చరిత్రమంతయు నిట్టిదే యని మాకు తోచుచున్నది. మేము చిన్ననాట చూచిన మగ్గపు పల్లెలలో తెల్లవాఱకముందే వీధిపొడుగునను పడుగు చాపి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వుచు ఇంటిల్లిపాదియు దానివెంట పోవుచు వచ్చుచు నుండెడివారు. ఎన్ని మైళ్ల నడక యగునో యెవరు కొలిచిరి! ఆపైన గుంటమగ్గములో దిగి కూర్చుండినను, కాళ్లు తొక్కుచునే యుండును, చేతులు లాగుచునే యుండును. నేడు సిరిసిల్లలో మరమగ్గముల పనివాడు అనేక మగ్గములను కనిపెట్టుచు పండ్రెండు గంటలు నిలుచును. నిలుచుట నడక కాదు. కాళ్లు వాచును గాని కొవ్వు కరగదు. రాత్రి పాళిలో నిద్ర చెడును. నిద్ర చెడినవానికి ఆకలి పెరుగును. అచ్చటి మన ఆడపడుచులనేకులు బీడీలు చుట్టుదురు. వ్రేళ్లు రాత్రివఱకు పరుగెత్తును, దేహము చాపపైనుండి కదలదు. "దినమంతయు పనిచేసితిని" అని యామె చెప్పునది సత్యము. "నాకు వ్యాయామమైనది" అనుట మాత్రము అసత్యము.

శ్రమ దేహమును పోషింపకుండుటయే కాదు, విఱుచుననుటకు మన యిండ్లలోనే యొక గొప్ప నిదర్శనము గలదు. పోచంపల్లి తీరున చీర నేయుటకు మునుపు ఆసు పోయవలెను గదా. అర్ధచంద్రాకారముగా నాటిన మేకులచుట్టు దారమును చేతితో నటునిటు త్రిప్పుట చీరకొకటికి వేలమాఱులు, సుమారు 9,000 మాఱులని చెప్పుదురు. ఈ పని చేసి చేసి లక్ష్మి యను తల్లికి భుజము పట్టుకొనిపోగా, చూచి సహింపలేక ఆమె కుమారుడు, ఆలేరు చెంతనున్న శారాజీపేటవాడు, చింతకింది మల్లేశము, ఏండ్లకొలది శ్రమించి 1999 నాటికి ఆసు యంత్రమును నిలబెట్టి దానికి తల్లిపేరు పెట్టెను. 2017లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చెను. వేలమాఱులు చేయి యెత్తి దింపుట వ్యాయామమే యైనచో మన తల్లుల భుజములు మల్లుల భుజములవలె నుండవలెను గదా! నొప్పులే మిగిలినవి. ఒకే కీలును ఒకే వైపునకు విరామము లేక త్రిప్పుట దాని నరగదీయుటయే. యంత్రము వచ్చి ఆ నొప్పిని తీసికొనిపోయినది. దానికి మేము చేతులెత్తి నమస్కరించెదము. మిగిలిన గంటలలో దేహమునకేమి పని కల్పింతుమని మాత్రము మనలో నెవరును ఆలోచింపలేదు.

ఇక మేమేమి చేసితిమో చెప్పెదము. మేము వైద్యులము కాము. మా శిష్యుని మరల నా వైద్యునియొద్దకే పంపి, తిండి తగ్గించినపుడు చక్కెర మందు మాత్రయు మార్చవలసియుండునేమో కనుగొని రమ్మంటిమి. ఇది ముఖ్యము. మందు అట్లే యుంచి తిండి మాన్పినచో, మూట యెత్తునపుడు కన్ను తిరిగి పడు ప్రమాదమున్నది.

తరువాత, బడిపిల్లవానికిచ్చినట్లు, ఏడుదినములు తిన్నదెల్ల వ్రాసి తెమ్మని పని పెట్టితిమి. తెచ్చెను. అన్నము సంగతి మేమెఱిగినదే. మమ్ము నాశ్చర్యపఱచినది చాయ. దినమునకు తొమ్మిది కప్పులు! నారాయణగూడనుండి చిక్కడపల్లివఱకు అడుగడుగునను చాయ దుకాణమే గదా. అలసినవానికి కూర్చుండుటకు యజమాని కుర్చీ నీయకున్నను, చాయ త్రాగి వత్తునన్న వద్దనడు. అది త్రాగుట కాదు, విశ్రాంతికి చెల్లించు సుంకము. కప్పునకు రెండు చెంచాలు, అనగా పది గ్రాముల చొప్పున, తొంబది గ్రాముల చక్కెర, 360 కిలోకాలరీలు. చేర్చిన చక్కెర దినపు టాహారములో పదవవంతు శక్తికి, అనగా సుమారు ఏబది గ్రాములకు, లోబడియుండవలెననియు, అందు సగమైన మఱియు మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పినది. సాయంకాలము మిరపకాయ బజ్జీలు. రాత్రి పది దాటినపిదప ఆకలి మండి మూడు మాఱులు వడ్డించుకొన్న అన్నము, వెంటనే నిద్ర.

మేము చేసిన మార్పులు కొద్దియే. చాయ మూడు కప్పులు, అరచెంచా చక్కెరతో. మిగిలిన వేళల మజ్జిగయో నీళ్లో. కూర్చుండి త్రాగవలెనని మఱి మఱి చెప్పితిమి. మధ్యాహ్నపు టన్నము తగ్గింపలేదు. పనివేళ కడుపు మాడ్చరాదు. దానితో పప్పును కూరయును పెంచితిమి. సాయంకాలము బజ్జీలకు మాఱుగా ఉడికించిన ఉలవలో శనగలో. రాత్రి జొన్నరొట్టెలు రెండు, కూర, గ్రుడ్డొకటి. స్థౌల్యమునకు చరకుడు సూత్రస్థానమున ఇరువదియొకటవ యధ్యాయములో చెప్పిన పథ్యములందు ఉలవలును మజ్జిగయు నుండుట చూచి మాకు సంతసమైనది. కడుపునకు బరువై యొంటికి కొవ్వు కానిది స్థూలునకు పథ్యమని ఆయన సూత్రము. అందే, వ్యాయామమును క్రమముగా పెంచవలెనని యున్నది. మన యువకులు తాలింఖానాలలో చేరినదినముననే వంద బస్కీలు తీసి, మఱునాడు మంచమునుండి లేవలేక, మూడవనాడు మానుట ఈ "క్రమముగా" అను మాటను విడుచుటవలననే.

వారమునకు అరకిలో తగ్గిన చాలును. అంతకు మించి యుపవాసములు చేసినచో, కొవ్వుతోపాటు కండయు కరగి, మూట మోయుటకు బలముండదు. కండయే వాని మూలధనము.

వ్యాయామము మాటకు వచ్చినచో, మేమిచ్చినది పని కాదు, పనికి విరుగుడు. దినమంతయు ముందునకు వంగువాడు వెనుకకు వంగవలెను. బోర్ల పండుకొని రొమ్మెత్తవలెను. బరువు కిందికి లాగు భుజములను పైకెత్తి విప్పవలెను. బిగబట్టు ఊపిరిని విడువ నేర్వవలెను. ఉదయము పనికి పోకముందు పదిహేను నిముషములు: సూర్యనమస్కారములు ఆఱు, మెల్లగా, బరువు లేని బస్కీలు పది, గోడకు చేతులానించి దండీలు పది. ఇది వారమునకు మూడు దినములు. ఆదివారము సుందరయ్య పార్కులో అరగంట నడక, చేతిలో నేమియు లేకుండ, ఎవరును పిలువకుండ, తన యిష్టమైన వేగముతో. బేళ్ల బండి వచ్చుదినమున వ్యాయామమే లేదు; నాడు సగము బలము ముందే చెల్లిపోవును. పనిలోను మూడు నియమములు చెప్పితిమి: మూటను దేహమునకు దగ్గఱగా పట్టుము, మోకాళ్లు వంచి లెమ్ము, లేచునపుడు గాలి విడువుము.

ఇంత స్వల్పమా యని కొందఱనవచ్చును. వారమునకు నూటయేబది నిముషములు తక్కువ కాకుండ మధ్యమవేగముతో దేహమును కదల్పవలెననియు, రెండు దినములు కండరములకు పని కల్పింపవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పియున్నది. కూర్చుండువానికది కనిష్ఠమే. మా లెక్క కూలివానికై. వాడు మొదలుపెట్టి విడువకుండుటయే మాకు కావలసినది.

మొదటి రెండునెలలు బరువు రెండు కిలోలే తగ్గెను. వాడు నిరాశపడెను, మేమును లోలోపల పడితిమి. కాని నడుము నొప్పి తగ్గినదని వాని భార్య చెప్పెను. మూడవ నెలలో పెండ్లిండ్లు వచ్చి యొక కిలో మరల పెరిగెను. పదినెలలకు 92నుండి 84కు వచ్చెను. నడుము 102నుండి 94కు. మన దేశపు పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మీఱరాదని వైద్యులు చెప్పుదురు గనుక ఇంకను నాలుగు మిగిలినది. వైద్యుడు మందొకటి సగము చేసెనట.

ఇంతవఱకు కూలివానికి చెప్పితిమి. పోషకులకు చెప్పకున్న మా మాట సగమే యగును. ఈ వేదికపై కూర్చున్న పెద్దలలో పొట్ట లేనివారిని లెక్కింప నొక చేతి వ్రేళ్లు చాలును. కాని వారికి దారియున్నది. లాల్‌బహదూర్ స్టేడియమున్నది, ఇందిరా పార్కున్నది, నారాయణగూడ వై.ఎం.సి.ఏ. యున్నది, ఉదయము తీరిక యున్నది. మేము ఇందిరా పార్కున అనేక సంవత్సరములు నడచితిమి. విశ్రాంత ఉద్యోగులును, వర్తకులును, అశోక్‌నగరున పోటీపరీక్షలకై చదివి చదివి నడుము పట్టిన యువకులును మాకచ్చట కనబడిరి. మూటలు మోయువాడొక్కడును కనబడలేదు. వానికి పార్కు దూరము గాదు, గంటలు లేవు.

మనలో గోదాములును, అంగళ్లును, మరమగ్గములును గలవారు సభలో ననేకులున్నారు. వారి నడుగునది మూడే. పనివానికి కూర్చుండుట కొక బల్ల. చాయ నెపము లేకుండనే రెండుపూటల పది పది నిముషముల విరామము. బేళ్లను త్రోయుటకు చక్రముల బండి. ఇది దానము కాదు. నడుము విఱిగిన పనివాడు మూడునెలలు రాకున్న నష్టమెవరిదో వర్తకులకు మేము చెప్పవలెనా? వారపు సెలవును పండుగల రద్దీలో మ్రింగివేయుట మానిన మఱియు మేలు. ఈ మాట గత సంవత్సరము సభలో ననుటకు మాకు ధైర్యము చాలలేదు.

ఆడువారి విషయము మేము తగినంత చెప్పలేదని యెఱుగుదుము. బీడీలు చుట్టు తల్లి వంటయు నీళ్లును బట్టలును ముగించి, మగవానికంటె వెనుక నిద్రించి ముందుగా లేచును. ఆమెకు పదిహేను నిముషములు ఇంటిలో నెవరిత్తురు? మగవాడు తన కంచము తాను కడిగిన దొరకునేమో. మా యింట మేమీ పని మొదలిడి యాఱునెలలైనది. మొదటివారము రెండు గాజు గిన్నెలు పగిలినవి.

నారాయణగూడలోని మన భవనములో క్రింది గదియొకటి విఱిగిన కుర్చీలతో నిండియున్నది. దానిని ఖాళీచేయుటకు కార్యదర్శిగారు నిన్న సమ్మతించిరి. బరువు తూచు యంత్రమును, కొలత టేపును, రక్తపోటు చూచు పనిముట్టును మేము మా పింఛనులోనుండి కొనియుంచితిమి. ప్రతి ఆదివారమును ఉదయము ఆఱు గంటలనుండి ఎనిమిదింటివఱకు మేమచ్చటనే యుందుము. వచ్చినవారి పేరు, పని, పని గంటలు, బరువు, నడుము కొలత వ్రాసికొనుటకు నోటుపుస్తకము సిద్ధముగా నున్నది. మొదటి పుటలో మా శిష్యుని పేరు వ్రాయబడినది. రెండవ పుట మాదే. అందలి యంకెలను మాత్రము సభలో చదువము, వచ్చి చూచుకొనవచ్చును.